సైరన్ లేని జిల్లా

జూలై 1966, బుధవారం రాత్రి

పైడమ్మ చదువు ఇవాళ్టితో ఆగిపోతుందనుకున్నాను. వాళ్ళ నాన్న, నిమ్‌పురా రైలింజన్ల షెడ్డులో ఫిట్టరు, పేరు కొట్టేయమని అర్జీ రాయించుకుని మధ్యాహ్నం నేరుగా నా క్లాసుకే వచ్చాడు. ఇంటిపనికి మనిషి కావాలట. నాకు ఒళ్ళు మండింది. అంతలో ఆయన కళ్ళు గోడమీది మ్యాపు మీద పడ్డాయి. పాత పుస్తకాల కొట్లో నాకు దొరికిన అమెరికా మ్యాపు అది, ఓ మహానగరాన్ని ఆనుకుని ఉన్న జిల్లాది.

"బాబోయ్, ఎన్ని జంక్షన్లో! ఇది మెయిన్ లైనేటి, టీచరమ్మా?" అన్నాడు, ఎర్ర గీత మీద వేలు పెట్టి.

నేను నోరు తెరిచేలోపే పైడమ్మ లేచింది. క్లాసులో ఎప్పుడూ పెదవి విప్పని పిల్ల! నా పాఠాలు వినడంలేదనుకుని ఎన్నిసార్లు విసుక్కున్నానో.

"పట్టాలు కావు నాన్నా, రోడ్లు. ఈ సిన్న ఊల్లల్ల కాపురాలు, సిటీల పనులు. కార్లెక్కి ఎల్తారు. ఇటలీవోలదొక ఊరు, పోలండువోలదొక ఊరు. అందరూ మనలాగే పనికోసం వొచ్చినోలే."

"మన ట్రాఫిక్ సెటిల్‌మెంటు రైల్వే క్వార్టర్లలాగన్నమాట. ఒక లైన్ల తెలుగోలు, ఒక లైన్ల బెంగాలీలు," అన్నాడాయన. చాలాసేపు మ్యాపు చూసి, "మరి మన షెడ్డుకాడలాగ ఆల్లకి పనికి పిలిసే సైరను ఎక్కడ మోగుతాది?" అని కూతుర్నే అడిగాడు.

"అదింకా సదవలేదు నాన్నా."

ఆయన అర్జీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. చింపెయ్యలేదు, అదే నా దిగులు. వచ్చే వారం మళ్ళీ బయటికి తీస్తాడేమో. కానీ గుమ్మం దాటబోతూ ఆగి, కూతురి వైపు తిరిగి అన్నాడు:

"సదివినాక సెప్పు."