నిప్పు లేని మట్టి

పూరీ గేట్, ఖరగ్‌పూర్.

చిరంజీవి తమ్ముడు సింహాచలానికి,

అక్క అప్పలనరసమ్మ దీవించి రాస్తున్నాను. ఇక్కడ నేనూ గౌరీ వేళకు తింటున్నాం, తిరుగుతున్నాం, బాగానే ఉన్నాం. అక్కడ నువ్వు, మరదలు, పిల్లలిద్దరూ, మంచం మీదున్న పెద్దత్తా కులాసాగా ఉన్నారని అనుకుంటున్నాను. మరదలి మోకాళ్ళ నొప్పి తగ్గిందా? వావిలాకు వేడిచేసి కట్టమన్నానని చెప్పు. ఫోన్ ఉండగా అక్క ఉత్తరం రాయడమేమిటని నవ్వుకుంటావు. ఫోన్‌లో అయితే నాకు ఏడుపు వస్తుంది, వెంటనే నీకు సిగ్నల్ పోతుంది. కాగితం అయితే నువ్వు చివరిదాకా చదవాలి.

ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో రైల్వే క్వార్టరు ఖాళీ చేసేశాం. మీ బావ రిటైరు కాకముందే పోయారు కాబట్టి క్వార్టరు అప్పజెప్పక తప్పలేదు. పెళ్ళయి ఈ ఊరు వచ్చిన దగ్గర్నుంచి ఆ ఇంట్లోనే ఉన్నాను. తాళంచెవి ఇస్తుంటే ఆ ఆఫీసు బాబు నా మొహం కూడా చూడలేదు, కుళాయిలు సరిగ్గా ఉన్నాయా అని అడిగాడు. ఇప్పుడు పూరీ గేట్ దగ్గర రెండు గదులు అద్దెకు తీసుకున్నాం. వెనక పెరడుందన్నారు, వచ్చి చూస్తే అంతా సిమెంటు. సాయంత్రమయ్యేసరికి కాలబైశాఖి గాలి లేస్తుంది, పైన రేకులు ఎగిరిపోతాయేమోనని ఇద్దరం దేవుణ్ణి తలుచుకుంటూ కూర్చుంటాం. గౌరికి వాళ్ళ నాన్న ఉద్యోగం ఇస్తామన్నారు, ఆఫీసు చుట్టూ తిరుగుతోంది. నేను ఇడ్లీ పిండి రుబ్బి వీధిలో అమ్ముతున్నాను. మా ఇంటి యజమానురాలు బెంగాలీ ఆవిడ, ఇడ్లీని ఆలూ దమ్‌లో ముంచుకుని తిని "ఖూబ్ భాలో దీదీ", చాలా బాగుంది అంటుంది. నేనూ నవ్వుతాను. రాత్రికి మాత్రం వంట చెయ్యబుద్ధి కాదు. గుప్పెడు మరమరాలు, ఒక పచ్చిమిర్చి, అంతే. ఆయన లేకుండా అన్నం వార్చడం ఇంకా అలవాటు కాలేదు తమ్ముడూ.

నా గురించి బెంగ పెట్టుకోకు, బాగానే ఉన్నాను. ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

మీ బావ ఏం పని చేసేవారో నీకు పైపైనే తెలుసు. వర్క్‌షాపు ఫౌండ్రీలో అచ్చు కట్టే పని. ఇసుకా బంకమట్టీ కలిపి, పెట్టెలో దట్టించి, అందులో కరిగిన ఇనుము పోయిస్తారు. ఇంటికొచ్చి ఎంత రుద్దుకున్నా గోళ్ళలో ఆ నల్ల ఇసుక పోయేది కాదు. చేతుల మీద నిప్పురవ్వల మచ్చలు నువ్వూ చూశావు. ఊపిరితిత్తులు పాడై మంచాన పడ్డాక ఒకరోజు నన్నూ గౌరినీ పక్కన కూర్చోబెట్టుకుని చెప్పారు.

"జన్మంతా మట్టిలో నిప్పు పోసినానే. సివరాకరికి నిప్పు నేని మట్టిలో నన్ను పడుకోబెట్టండి. పెట్టె వొద్దు, సిమెంటు వొద్దు, పేరు వొద్దు. ఒక కోరా గుడ్డ సాలు. పైన గడ్డి మొలిసి ఆవు మేసిందనుకో, అదే నా పెద్దదినం."

"ఎక్కడ నాన్నా? ఇక్కడ మనకి జానెడు భూమి నేదు కదా," అంది గౌరి.

"మీ తాత మీ అమ్మకిచ్చిన ముక్క ఉంది కదే. పసుపు కుంకుమ కింద ఇచ్చినాడు. మూల మీద తాటిచెట్ల కింద మీ తాతా అమ్మమ్మా ఉన్నారు. వాలి కాళ్ళ కాడ అల్లుడికి ఆ మాత్రం సోటు ఇవ్వరేటి?"

నేను ఇస్తారన్నాను. నీ మీద నమ్మకంతోనే అన్నాను. ఆ ముక్క ఇన్నేళ్ళూ నువ్వే దున్నుకున్నావు, ఒక్క గింజ అడగలేదు. మన ఇంటి ఆనవాయితీ నీకు నేను చెప్పాలా? మనవాళ్ళని కాల్చరు. గొయ్యి తీసి, ఉప్పు చల్లి, గుడ్డలో పడుకోబెట్టి, అయినవాళ్ళు తలో గుప్పెడు మట్టి వేసి, కుక్కలు తవ్వకుండా పైన తుమ్మకంప కప్పుతారు. మూడోనాడు పాలు పోస్తారు. అమ్మకి అలాగే చేశాం. ఆ రోజు తుమ్మకంప గుచ్చుకుని నీ చెయ్యి రక్తం కారితే నా కొంగు చింపి కట్టాను.

ఆయన పోయిన రోజు తెల్లారుతూనే నీకు ఫోన్ చేశాను. బండి మాట్లాడేశాం, ఐసు కూడా తెప్పించారు. నువ్వేమన్నావో ఒక్క మాట పోకుండా గుర్తుంది. "అక్కా, అమ్మోరి పెద్ద పండక్కి సాటింపు అయిపోనాది. ఇప్పుడు శవం పొలిమేర దాటి రాకూడదు. అమ్మోరి మాట కదా, నానేటి సేసేది? ఊరోలు ఒప్పుకోరు." అమ్మవారి గుడి దగ్గర చాటింపు డప్పు మోగాక పండగ అయ్యేదాకా ఊళ్ళోకి పీనుగ రాకూడదన్నది నేను పుట్టినప్పటి నుంచి విన్నదే. పెద్ద పండగ ఎప్పుడన్నది ఊరి పెద్దలు కూర్చుని తేల్చుకునేదే తప్ప దానికి ఒక తేదీ లేదు. అందుకే నిన్ను ఇంకో మాట అడగలేదు. అమ్మవారి పేరు చెబితే అడగడానికి నోరెలా వస్తుంది? పైగా ఊరికి చెడ్డ తేబోయానే అని చెంపలు వేసుకున్నాను.

ఇక్కడే ఎక్కడైనా మట్టి దొరుకుతుందేమోనని చూశాం. మీ బావతో పనిచేసిన దానియేలు అన్నయ్య పరుగెత్తుకుంటూ వెళ్ళి వాళ్ళ సమాధుల తోటలో అడిగాడు. తమవాళ్ళకే చోటు చాలడం లేదన్నారట. వాళ్ళను అనడానికేముంది, వాళ్ళ చోటు వాళ్ళది. అన్నయ్య వచ్చి గుమ్మంలో నిలబడి, "సెల్లీ, నా సోటు నాకు రాసుంది. అది ఇచ్చీస్తానన్నా కుదరదంట," అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. రక్తసంబంధం లేని మనిషి తన గొయ్యి ఇస్తానన్నాడు తమ్ముడూ. ఈ మాట రెండుసార్లు చదువుకో.

చివరికి కరెంటు శ్మశానానికే తీసుకెళ్ళాం. తలుపు పైకి లేచింది. లోపల ఎర్రగా మండుతోంది. గౌరి నా మొహం పక్కకు తిప్పేసింది. నేను మళ్ళీ తిప్పుకుని చూశాను. ఆయన జీవితమంతా చూసిన నిప్పే కదా, ఆఖరుసారి నేనూ చూడాలనిపించింది. వొద్దు వొద్దన్న మనిషిని మేమే అందులోకి నెట్టాం. అక్కడి మనిషి మంచివాడే, "కేందో నా దీదీ," ఏడవకు అన్నాడు. తర్వాత మట్టి పిడతలో బూడిదా నాలుగు ఎముక ముక్కలూ ఇచ్చి, కాసాయి నదిలో కలిపేయమన్నాడు. గౌరి కూడా అదే అంది. నేను ఒప్పుకోలేదు. పండగ అయిపోయాక ఈ పిడతైనా మన తాటిచెట్ల కింద పెట్టి వస్తానని దాచాను. ఇల్లు మారేటప్పుడు సామాన్ల రిక్షాలో వెయ్యకుండా ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను.

పోయిన వారం కాంతమ్మ వచ్చింది. మన కుమ్మరి వీధి కాంతమ్మే, మొగుడు ఇక్కడ వర్క్‌షాపులో ఉన్నాడు కదా. పెద్ద పండక్కి ఊరెళ్ళి ప్రసాదం తెచ్చింది. కళ్ళకద్దుకుని తిన్నాను.

"సాటింపు కాడి నుంచి ఊరంతా ఒకటే సందడి వొదినా. మీ తమ్ముడే ముందుండి యేయించినాడు," అంది.

"మీ అన్నయ్య పోయిన నాటికే యేసీసినారు కదా," అన్నాను.

"ఎవులు సెప్పినారు? అన్నయ్యగారి పెద్దదినం కూడా అయిపోయినంక కదేటి డప్పు కొట్టినారు. ఆ యేళకి నాను ఊళ్ళోనే ఉన్నాను."

అయినా నిన్ను అనుమానించడానికి మనసొప్పక, "మా మూల మీద తాటిచెట్లు బాగున్నాయా?" అని అడిగాను.

"తాటిసెట్లెక్కడివి వొదినా? ఎప్పుడో కొట్టించీసినాడు. ఇప్పుడదంతా రొయ్యల సెరువు. రేయింబవళ్ళు నీళ్ళలో సక్రాలు తిరగతన్నాయి."

"మరి మా అమ్మా నాన్నా?"

కాంతమ్మ టీ గ్లాసు కింద పెట్టింది. "నానూ అదే అడిగినాను. పోయినోలికి మట్టయితే ఏటి, నీరయితే ఏటి అన్నాడు."

ఇందుకా సింహాచలం, అమ్మవారి నోట్లో అబద్ధం పెట్టావు? బండి వస్తే చెరువు చూస్తానని భయపడ్డావు. "అక్కా, తప్పయిపోయింది, అక్కడ నీళ్ళున్నాయి, గట్టు మీద చోటిస్తాను" అంటే చాలు కదా! తిట్టేదాన్ని, ఏడ్చేదాన్ని, ఆ గట్టు మీదే ఆయన్ని పడుకోబెట్టి నీకు దండం పెట్టేదాన్ని. నువ్వు చెప్పిన ఒక్క అబద్ధానికి నా మొగుడు నిప్పులోకి పోయాడు. ఇది నేను మరచిపోలేను. మరచిపోదామని కూడా లేదు.

కాంతమ్మ ద్వారా నాకు తెలిసిపోయిందని తెలిసి నిన్న నువ్వు గౌరికి ఫోన్ చేశావు. అస్థికలు తెమ్మన్నావట, గట్టు మీద పాలరాతి గద్దె కట్టి, ఆయన ఫోటో పెట్టిస్తావట. పేరు కూడా వద్దన్న మనిషికి పాలరాయా? ఊళ్ళో జనం నిన్ను అంటున్నారు గనక నీకు గద్దె కావాలి. ఆయనకు అక్కర్లేదు. నేను తేను.

నా సంగతి గౌరికి చెప్పేశాను. నేను పోయినప్పుడు నన్ను కూడా ఆ కరెంటు నిప్పులోనే వెయ్యమన్నాను. మట్టిలోకి పోవాలని నాకూ ఉండేది. కానీ ఆయన ఇష్టం లేని దారిన ఒంటరిగా పోయారు, నేను వేరే దారి కోరుకోను. నీకు కబురు వస్తుంది, రానక్కర్లేదు.

నిన్ను అడిగేది ఒక్కటే. వచ్చే నెల రొయ్యలు పట్టేసి చెరువు ఎండబెడతారని కాంతమ్మ చెప్పింది. మళ్ళీ నీళ్ళు పెట్టకముందు అమ్మ ఉన్నచోట ఒక గుప్పెడు మట్టి తీసి మూటగట్టి కాంతమ్మ మరిది వస్తే ఇచ్చి పంపు. ఆయన ఆ మట్టికి రాలేకపోయారు, మట్టే ఆయన దగ్గరకు రావాలి. ఈ బూడిద అందులో కలిపి ఒకచోట పెడతాం. ఎక్కడన్నది నీకు చెప్పను, చెబితే అక్కడా చెరువు తవ్వుతావు. కూలీ చేత తీయించకు. నువ్వే దిగి, నీ చేతులతో తవ్వు. చెట్లు లేవు, గురుతులు లేవు, అమ్మ ఎక్కడుందో వెతుక్కో.

పెద్దత్తకు నా దండాలు చెప్పి, నా తరఫున కాళ్ళకు మొక్కు. మరదలిని వేళకు మందు వేసుకోమను. పిల్లలిద్దరికీ మేనత్త ముద్దులు, వాళ్ళు చల్లగా ఉండాలి. నువ్వూ నూరేళ్ళుండు, నీ మీద నా నోట శాపం రాదు.

మట్టితో పాటు ఉత్తరం పెట్టకు. మట్టి చాలు.

ఇట్లు,
మీ అక్క
అప్పలనరసమ్మ