సగం మందు తాగిన జలగ

బాపుకు దండాలు.

కొండాపూర్ గదిలో నేనూ సందీపూ బాగానే ఉన్నాం. నువ్వూ అమ్మా బాగున్నారని రాశావు. ఆ కిందే గొర్రెలకు దవడల కింద నీరు దిగిందనీ రాశావు. ఇంక బాగున్నదెవరు బాపూ? ఫోన్‌లో అయితే ఇద్దరం అరుచుకుంటాం. అందుకే నేనూ రాసి, మన ఊరి బస్సు నడిపే శేఖరన్న చేతికిస్తున్నాను.

"నట్టల మందు దొంగ మందా? పట్నంల అడుగు. పనిజెయ్యదంటే ఆదివారం మంద మొత్తం కటికాయనకు తోలుత" అన్నావు. అడిగాను. రోజూ నా క్యాబులో రాయదుర్గం వెళ్లే నీహారిక మేడం పశువుల మందుల మీదే పరిశోధన చేస్తుంది. మర్యాదగా ఏం అడగలేదులే. మందుల కంపెనీల మీద చదివిన కరపత్రాలన్నీ నాలుక మీదికొచ్చాయి. "మీ కంపెనీలు రైతుకు నీళ్లమ్ముతున్నయి మేడం" అన్నాను.

ఆమె కోప్పడలేదు. ట్రాఫిక్‌లో ఆగినప్పుడు లాప్‌టాప్ నా వైపు తిప్పింది. నువ్వు నట్టలంటావే, వాటిలో ఒకటి, గొర్రె కార్జంలో చేరి దవడల కింద నీరు దింపే జలగ. దాన్ని బాగా పెద్దది చేసి తీసిన ఫొటో. మందు తగిలి దాని తోలంతా పొక్కులు లేచి, పగిలి, పొరలు ఊడుతోంది. నాకు భలే సంబరమైంది. ఇంకో ఫొటో చూపించింది. ఆ జలగకు సగం మందే తగిలిందట. పొక్కులు అణిగి, అడుగు నుంచి కొత్త పొర పుట్టుకొచ్చి, తోలు మళ్లీ కుదురుకుంది. అది చావలేదు బాపూ!

"మీ నాన్నగారు ఎంత పోశారండీ?"

"ఒక్క సీసా. మావీ, మా చిన్నాయనవీ, అన్నిటికీ సమానంగ."

"పొట్టేలుకీ, పిల్లకీ ఒకటేనా?" అని నవ్వింది.

నాకు తిక్క రేగింది. సమానంగా పంచాలని నేర్చుకున్నది నీ దగ్గరే. కానీ చిన్నాయన మందను కాదనలేక తలా కాస్త పోశావు చూడు, దాంతో ఏ గొర్రే బాగుపడలేదు, జలగలు మాత్రం తేరుకున్నాయి. నీ మీది కోపం కూడా ఆమె మీదే చూపించాను.

ఇది అమ్మకు చదివి వినిపించకు. మేడంను ఫ్లైఓవర్ మీదే దిగమన్నాను. ఎండలో నడిచిపోయింది.

మంద తోలకు. శనివారం రెండు మందలకూ సరిపడా మందు తెస్తాను. ఈసారి బరువు చూసి, దేనికెంత కావాలో అంత పోద్దాం.

ఇవాళ పొద్దున ఆమె మళ్లీ నా బండే ఎక్కింది. "తప్పైంది మేడం" అన్నాను. "అది సరే, మీ గొర్రెలు ఎలా ఉన్నాయండీ?" అంది.

సోమవారం మళ్లీ అడుగుతుంది. ఉన్నాయనైనా చెప్పనియ్యి బాపూ.

ఇట్లు,
కోపం నీ పోలికే వచ్చిన కొడుకు,
బీరేష్