పెన్ను చప్పుడు

మార్చి 3

మా ఇన్‌స్టిట్యూట్‌లో ఫ్రెంచికి నేనుండగానే ఇంకో మాస్టారు చేరాడు. వస్తూనే గోడకి చార్టు తగిలించాడు. ఒకవైపు ఇంగ్లీషు, ఒకవైపు ఫ్రెంచి, చూడ్డానికి ఒకేలా ఉండే మాటలు. సగం ఫ్రెంచి మీకు వచ్చేసినట్టే అన్నాడట స్టూడెంట్లతో. వీడి మొహం. "లిబ్రెరీ" చూసి లైబ్రరీ అనుకునేవాళ్లు పుస్తకాల షాపుకెళ్లి కార్డు చూపిస్తారు. చూపించనీ, నాకేం.

మార్చి 5

ప్లైవుడ్ గోడ అవతలే వాడి క్లాసు. ఒకటే నవ్వులు. చదువా, సంతా?

మార్చి 11

నా దగ్గర ఆ ఆటలు సాగవు. ఇంగ్లీషుని చూసి ఫ్రెంచి ఊహించారా, పెన్నుతో టేబుల్ మీద టక్కున కొడతాను. ఆపేసి మళ్లీ మొదటినుంచి చెప్పాలి.

నా క్లాసులో ఒక నర్సు ఉంది, ఇవాళంతా ఆ పిల్ల తప్పులకే టక్ టక్ కొట్టాను. "బ్లెసే" అంటే, ఇంగ్లీషు బ్లెస్ అనుకుని, దీవెన పొందినవాడు అంది. గాయపడ్డవాడమ్మా తల్లీ! తల పగిలి వచ్చినవాణ్ణి ఆశీర్వాదం అయిపోయిందని ఇంటికి పంపేస్తావా అన్నాను. కళ్లనీళ్లు పెట్టుకుంది. ఫ్రెంచి పేషెంట్లు వచ్చే ఆసుపత్రట, ఓరల్ పరీక్ష పాసైతేనే ఉద్యోగం పర్మనెంటట, లేకపోతే తీసేస్తారట. అయితే చదవాలి, ఏడవడం దేనికి?

మార్చి 20

నర్సు ఒక్క తప్పూ చేయడం లేదు. అసలు మాట్లాడటమే తగ్గించింది. మంచిదే.

చార్టు మాస్టారు కారిడార్లో ఆపి, మీవాళ్లు మరీ సైలెంటుగా ఉంటారేంటి మేడమ్ అన్నాడు. మీ సంత మాకు వినపడుతోంది లెండి అన్నాను. మొహం మాడిపోయింది. హాయిగా ఉంది.

ఏప్రిల్ 2, సాయంత్రం

ఓరల్ అయింది. తలుపు కాస్త తెరిచి ఉంటే బయట నిలబడి విన్నాను. ఎగ్జామినర్ ఒక పేషెంటు ఫొటో ఇచ్చి అందులో ఏముందో చెప్పమన్నాడు. నర్సు బాగానే మొదలెట్టింది. "బ్లెసే" కూడా సరిగ్గా వాడింది. ఇంతలో ఆయన ఏదో రాసుకుని పెన్ను టేబుల్ మీద పడేశాడు. టక్.

అంతే. నర్సు ఆగిపోయింది. ఆయన చెప్పమ్మా చెప్పు అంటూనే ఉన్నాడు. ఆ పిల్ల తప్పెక్కడో వెతుక్కుంటోంది. తప్పు లేదే మొద్దూ అని అరవాలనిపించింది.

ఫెయిల్. చార్టు మాస్టారి సంత మొత్తం పాస్, తప్పులతో సహా. ఎగ్జామినర్ కూడా ఆ బాపతే అయ్యుంటాడు.

ఏప్రిల్ 4

ఆసుపత్రివాళ్లు నర్సుకి ఇంకొక్క ఛాన్స్ ఇచ్చారట. నాతో ఒక్క మాటైనా అనకుండా పక్క క్లాసుకి మారిపోయింది. పీడా పోయింది.

ఏప్రిల్ 9

గోడ అవతల నర్సు గొంతు. గలగలా మాట్లాడుతోంది. ఒక తప్పు. ఇంకో తప్పు. నాకు తెలియకుండానే పెన్నుతో టేబుల్ మీద కొట్టాను.

అటువైపు మాట ఆగిపోయింది.