గ్రూపు ముప్పై ఏడును తిరిగి పెట్టించమని, పెద్దక్కను కుర్చీలో కూర్చోబెట్టమని

తేదీ: మార్చి 11, బుధవారం.

ఈ రోజు మొదటి ఆశ్చర్యం ఉదయం ఎనిమిదింటికి ఎదురైంది. కంట్రోల్ రూంలో పెద్దక్క కుర్చీ ఖాళీగా ఉంది. కుర్చీ మీద ఎప్పుడూ ఉండే నీలం దిండు కూడా లేదు. వెతికితే వెనక గదిలో, బ్యాటరీలు ఛార్జింగుకు పెట్టే అరల మధ్య, స్టూలు మీద కూర్చుని కనిపించింది. దిండు ఒళ్లో ఉంది. ఈ అర్జీ అక్కడ పుట్టింది.

అత్యవసర సేవల రేడియో విభాగపు అధికారి గారికి,

కంట్రోల్ రూం రెండో బల్ల పక్కన వేసిన ప్లాస్టిక్ కుర్చీలో శిక్షణ పొందుతున్న విద్యార్థిని రాసుకొనునది.

విషయం: గత శనివారం గ్రూపు ముప్పై ఏడు రద్దయిన సంగతిలో అసలు దోషి ఎవరో తెలియజేయుట, సదరు గ్రూపును రేపటిలోగా పునరుద్ధరించమని కోరుట, సదరు దోషి నేనే అగుట గురించి.

అయ్యా,

1. ముందుగా నా గురించి. నేను ఈ విభాగంలో చేరి నలభై రెండు రోజులైంది. 'సదరు' అనే మాట నేర్చుకుని ముప్పై రోజులైంది. ఫైళ్లలో ఆ మాట చూసినప్పటి నుంచి నాకు నిద్ర పట్టలేదు. ఇంట్లో 'సదరు చెంచా ఇటివ్వు' అంటే మా అమ్మ చెంచా ఇవ్వకుండా నా నుదురు పట్టుకుని చూసింది. మాటల మీద ఇంత మోజున్న మనిషిని మాటలు మోసే యంత్రం ముందు కూర్చోబెట్టడం ఎంత ప్రమాదమో తమరికి అప్పుడే తోచి ఉండవలసింది. నాకూ తోచలేదు.

2. మా బల్ల పని తమరికి తెలియనిది కాదు. అయినా రాసే అవకాశం వచ్చింది గనుక రాస్తున్నాను. ఊళ్లోని అగ్నిమాపక బండ్లు, అంబులెన్సులు, ఆసుపత్రి గుమ్మం, రైలు గేటు, నీళ్ల విభాగం, అందరి దగ్గరా ఒకే రకం రేడియో సెట్లున్నాయి. బటన్ నొక్కి మాట్లాడితే ఆ సెట్టు ఏ గ్రూపులో ఉందో ఆ గ్రూపు వాళ్లకు మాత్రమే వినిపిస్తుంది. ఎవరిని ఏ గ్రూపులో ఉంచాలి, ఎవరిని తీయాలి, మంట లేచినప్పుడు ఎవరెవరిని క్షణంలో కలపాలి, ఇవన్నీ రెండో బల్ల చూసుకోవాలి. ఆ బల్ల పెద్దక్కది. పందొమ్మిదేళ్లుగా ఆమెదే. ఊళ్లో ఎవరి గొంతు విన్నా పేరు అడగకుండా గుర్తుపడుతుంది. నన్ను మొదటి రోజు కూర్చోబెట్టి ఒకటే చెప్పింది: "చూడు, విను, నొక్కకు."

3. నేను చూశాను, విన్నాను. మూడోది కుదరలేదు.

చేరిన మొదటి వారంలోనే అందరికీ వినిపించే గ్రూపులో 'శుభోదయం, మహాశయులారా' అన్నాను. అగ్నిమాపక కేంద్రం వాళ్లు అది ఏ రకం ప్రమాదమని అడిగారు. ఆ తర్వాత పెద్దక్క నా సెట్టులో గొంతు పోకుండా మైకు ఆపేసింది. బటన్ మాత్రం పనిచేస్తూనే ఉంది. ఆ సంగతి ఎనిమిదో అంశంలో అవసరమవుతుంది.

4. మొత్తం గ్రూపులు అరవై నాలుగు. వాటిలో పదకొండింటిలో తొంభై రోజులుగా ఒక్క మాటా లేదని కంప్యూటర్ చూపింది. నేను మూడు పేజీల నివేదిక రాశాను. దానికి 'సమూహ ప్రక్షాళన' అని పేరు పెట్టాను. 'మౌనమే మరణమైన సమూహాలు' అనే ఉపశీర్షిక కూడా ఉంది. ఇప్పుడు ఆ ఉపశీర్షిక తలచుకుంటే చెవులు వేడెక్కుతున్నాయి. సదరు నివేదిక మొదటి పేజీలో తమరు 'బాగుంది' అని రాసి సంతకం చేశారు. ఆ పేజీని ఇంట్లో అద్దం పక్కన అతికించుకున్నాను. ఈ సంగతి తమరిని ఇరికించడానికి రాయడం లేదు. అతికించుకున్నానని ఒప్పుకోవడానికే రాస్తున్నాను. రద్దు చేసే ముందు ఆ గ్రూపులోని ప్రతి సెట్టునూ పిలిచి అడగాలన్న నియమం అదే నివేదికలో రెండో పేజీలో ఉంది. దాన్ని రాసిందీ నేనే.

5. శనివారం ఉదయం పదీ నలభైకి గిడ్డంగుల వైపు మంట లేచిందని ఫోను వచ్చింది. పెద్దక్క మూడో బల్లకు పరుగెత్తింది. వెళ్తూ వెళ్తూ, "కంప్యూటర్ తెర తెరిచే ఉంది, కూర్చో, ఏదైనా ఎర్రగా మెరిస్తే కేకెయ్యి" అంది. ఏదీ ఎర్రగా మెరవలేదు. పనిలేని చేతులతో ఏడు నిమిషాలు కూర్చున్నాను. పదకొండు గ్రూపులు కళ్లముందే ఉన్నాయి. ఎవరినీ అడగలేదు. పదకొండూ తీసేశాను. ఆమె తిరిగి వచ్చేసరికి ఏదో ఇల్లు ఊడ్చినంత తృప్తిగా ఉన్నాను. ఆమెకు చెప్పలేదు. మధ్యాహ్నం ఆశ్చర్యపరుద్దామనుకున్నాను.

6. పదింటిలో ప్రాణం లేని మాట నిజమే. ఒకటి మూతబడిన పంపు హౌసుది. కానీ ముప్పై ఏడు వేరు. అందులో ఉన్నవి మూడే సెట్లు: అందరూ బాబాయి అని పిలిచే అంబులెన్సు డ్రైవరుది, రైలు గేటు కాపలాదారుది, ఆసుపత్రి గుమ్మం దగ్గరి నర్సుది. ఆ గ్రూపులో ఎవరూ మాట్లాడరు. ఎన్నడూ మాట్లాడలేదు. బాబాయి నీళ్ల ట్యాంకు మలుపు దగ్గరికి రాగానే బటన్ రెండుసార్లు నొక్కుతాడు. అవతల టక్ టక్ మంటుంది. గేటు తెరిచి ఉంటే కాపలాదారు రెండుసార్లు నొక్కుతాడు, బాబాయి నేరుగా పోతాడు. మూసి ఉంటే మూడుసార్లు, బాబాయి గేటు తగలని చుట్టుదారి, ట్యాంకు రోడ్డు, పడతాడు. ఆ చప్పుళ్లు విని నర్సు స్ట్రెచరు బయటికి లాగుతుంది. ఈ పద్ధతి ఏ కాగితం మీదా లేదు. రెండు చేతులూ స్టీరింగు మీదున్న మనిషీ, రెండు చేతులూ మీట మీదున్న మనిషీ ఎనిమిదేళ్ల కిందట కుదుర్చుకున్నది. గేటు గదిలో మామూలు ఫోను సిగ్నలు అందదు గనుక ఇంకో దారి కూడా లేదు.

7. ఒక సెకను కన్నా తక్కువ నొక్కులను మన కంప్యూటరు మాటల కింద లెక్కపెట్టదు. దాచుకోదు కూడా. రోజుకు ఇరవై నొక్కులతో బతికే గ్రూపును అది చచ్చినట్టు చూపింది. అది యంత్రం. నాకు చెవులున్నాయి.

8. ఇప్పుడు విచారణలో తేలని సంగతి. నేను రాయకపోతే తెలిసే వీలూ లేదు.

గ్రూపు పోయిన సెట్లు వాటంతట అవే అందరి గ్రూపులోకి వెళ్లిపోతాయి. అక్కడ సెట్లు అరవై రెండు. అరవై మూడోది నాది. పదకొండూ ఇరవైకి బాబాయి ట్యాంకు మలుపు దగ్గర అలవాటుగా రెండుసార్లు నొక్కాడు. అదే సమయానికి గిడ్డంగుల గోల ఆ గ్రూపంతా నిండి ఉంది. ఆ గోలలో రెండు చప్పుళ్లు వినిపించాయి. కాపలాదారు తన గ్రూపు మారిందని తెలియక, ఇన్ని గొంతులు ఎక్కడివని సెట్టును తిప్పి చూసుకుంటున్నాడట. నేను మాత్రం ఎవరో సెట్టు పరీక్షించుకుంటున్నారనుకున్నాను. మర్యాద ఉన్నదాన్ని గనుక జవాబిచ్చాను.

రెండుసార్లు నొక్కాను.

9. గేటు మూసి ఉంది.

10. బాబాయి నేరుగా వెళ్లి గేటు ముందు ఆగాడు. వెనక లారీలు, ఆటోలు చేరి వెనక్కి తిరిగే చోటు లేకుండా పోయింది. బండిలో ఉన్నది రంగులు వేసే మనిషి. రెండో అంతస్తు ఎత్తు నుంచి పరంజా విరిగి పడ్డాడు. పదకొండు నిమిషాలు అక్కడే ఉన్నాడు. ఇంకో పావుగంట ఆలస్యమైతే కాలు దక్కేది కాదని డాక్టరు గారు అన్నారు. కాలు దక్కింది.

11. ఆదివారం ఆసుపత్రికి, ఆ రంగుల మనిషిని చూడటానికి వెళ్లాను. క్షమాపణ కోసం మంచి మాటలు ఓ కాగితం మీద రాసుకుని వెళ్లాను. 'పశ్చాత్తాపం' రెండుసార్లు ఉంది. నేనెవరో చెప్పకముందే ఆయనే మాట్లాడటం మొదలుపెట్టాడు. నొప్పి మరిచిపోవడానికి చప్పుడును బట్టి గూడ్సు పెట్టెలు లెక్కపెట్టాడట. యాభై ఎనిమిది. గేటు తెరిచి ఉందని జవాబిచ్చింది నేనేనని చెప్పాను. కాగితం తీయలేదు. ఆయన పైకప్పు వంక చూశాడు.

"ఈ పైకప్పుకి ఒక్క పూతే వేశారు," అన్నాడు. "రెండో పూత ఎగ్గొట్టారు. కింద నిలబడి చూస్తే తెలీదు. ఇలా పడుకుంటే తెలుస్తుంది."

నన్ను పొమ్మనలేదు. నేనే వచ్చేశాను.

12. సోమవారం తమరు విచారించినప్పుడు రద్దు చేసిన తెర పెద్దక్క పేరు మీద ఉందని తేలింది. ఆమె కాదనలేదు. నేను తలుపు దగ్గరే ఉన్నాను. నోరు తెరవబోతే ఆమె నా వంక చూసింది. నేను మూసుకున్నాను. ఇన్ని మాటలు నేర్చినదాన్ని ఒక్క 'నేను' అనలేకపోయాను. నా శిక్షణ పత్రం గుర్తొచ్చిందని ఒప్పుకుంటున్నాను.

ఈ ఉదయం, కుర్చీ పోయి బ్యాటరీల గదికి మారిన ఆమె దగ్గర నిలబడి రెండు చప్పుళ్ల సంగతి మొత్తం చెప్పాను. ఆమె ఒక బ్యాటరీ తుడిచి అరలో పెట్టింది. ఇంకొకటి తీసింది.

"నీ సెట్టు నా పక్కనే కదే ఉండేది," అంది. "ఆ రెండు నొక్కులూ అప్పుడే విన్నాను. అర్థమైంది మాత్రం బండి గేటు దగ్గర ఆగిపోయాక."

"మరి సోమవారం ఎందుకు చెప్పలేదక్కా?"

"కుర్చీ నాది. తెర మూయకుండా లేచింది నేను. అది నా తప్పు, అది చెప్పాను. నీది నువ్వు చెప్పాలి. ఎప్పుడు చెప్తావా అని చూస్తున్నా. నాలుగు రోజులు పట్టింది నీకు." ఆ బ్యాటరీ కూడా అరలో పెట్టి, "మాటలు బాగా వచ్చుగా" అంది.

13. ఆ చివరి మాటకు జవాబుగా ఈ అర్జీ.

14. ఇక అసలు అత్యవసరం. విచారణ ముగిసే వరకు గ్రూపులలో ఎట్టి మార్పులు చేయరాదని సోమవారం తమరు ఉత్తర్వు ఇచ్చారు. అక్షరాలా పాటిస్తున్నాము. అందువల్ల తప్పుగా తీసేసిన గ్రూపును తిరిగి పెట్టడం కూడా మార్పు కిందికే వచ్చింది. ముప్పై ఏడు నేటికీ లేదు. బాబాయి గేటును నమ్మడం మానేసి ప్రతిసారీ ట్యాంకు రోడ్డు మీదే పోతున్నాడు. తొమ్మిది నిమిషాలు ఎక్కువ. సోమవారం నుంచి ఈ సాయంత్రం దాకా పద్నాలుగు ట్రిప్పులు. నిన్న ఒకామెకు ప్రసవం ట్యాంకు రోడ్డులోనే అయింది. తల్లీబిడ్డా క్షేమం. బాబాయి మాత్రం ఇంకా చేతులు కడుక్కుంటూనే ఉన్నాడని నర్సు చెప్పింది.

15. కావున తమరు దయతో:

గ్రూపు ముప్పై ఏడును, అవే మూడు సెట్లతో, రేపు ఉదయం లోపల తిరిగి పెట్టించవలెను. ఉత్తర్వు సవరించడం కష్టమైతే సదరు ఉత్తర్వును ఒక్క పది నిమిషాలు చూడనట్టు ఊరుకోవలెను. మౌనంగా ఉన్న గ్రూపును తీసే ముందు ఎవరైనా ఒక రోజు పూర్తిగా కూర్చుని వినాలని నియమం పెట్టవలెను. ఆ నియమం నేను రాయను. వేరెవరైనా రాయవలెను.

పెద్దక్కను ఆమె కుర్చీలో కూర్చోబెట్టవలెను. దిండు ఆమే తెచ్చుకుంటుంది.

నా శిక్షణ పత్రం విషయంలో తమ ఇష్టం. కంట్రోల్ రూంలో ఉండనిస్తే బ్యాటరీల గదిలో స్టూలు ఖాళీ అవుతుంది గనుక అక్కడ ఉంటాను. బ్యాటరీలతో మాట్లాడినా ఎవరికీ హాని లేదు.

పై సంగతులు తమరు ఒకసారి వెంటనే, రెండోసారి తీరికగా చదవగలరని ఆశిస్తూ,

విధేయత నలభై రెండు రోజులు ఆలస్యంగా నేర్చుకున్న,
తమ శిక్షణార్థిని

తా.క.: ఈ అర్జీని పెద్దక్కకు చదివి వినిపించాను. తొమ్మిదో అంశం ఒక్కటి ఉంచి మిగతాదంతా కొట్టెయ్యమంది. కొట్టెయ్యబోయాను, చేతులు రాలేదు. క్షమించండి.

ఇంకొకటి. తమరి జవాబు ఎప్పుడొస్తుందో తెలియదు. రేపు బాబాయి డ్యూటీ ఆరింటికి మొదలవుతుంది. ట్యాంకు మలుపు నుంచి గేటు కనిపించదు గానీ గేటు గది మేడ మెట్లు కనిపిస్తాయి. ఈ సాయంత్రం వెళ్లి నిలబడి చూసి వచ్చాను. బాబాయికి చెప్పాను, సరేనన్నాడు. కాపలాదారును అనుమతి అడిగాను. ఆయన నాతో మాట్లాడిన మాటలు మొత్తం నాలుగు: "మెట్ల మీద నిలబడు. మాట్లాడకు."

రేపు ఐదూ నలభైకల్లా ఆ మెట్ల మీద ఉంటాను. మా అమ్మ పసుపుపచ్చ గొడుగు తీసుకెళ్తున్నాను. గేటు తెరిచి ఉంటే రెండుసార్లు ఎత్తుతాను, మూసి ఉంటే మూడుసార్లు. ఎత్తే ముందు గేటు వంక కళ్లారా చూస్తాను. పదింటికి విచారణకు వస్తాను. అప్పటికి కాస్త ఆలస్యమైతే, మెట్ల మీద నా బదులు నిలబడే మనిషి దొరకలేదని అర్థం చేసుకోవలెను. తమరు ఆఫీసుకు అటుగానే వస్తారని విన్నాను. మలుపు దగ్గర ఒకసారి తల ఎత్తి చూడండి. గొడుగు మూడుసార్లు లేస్తే, అయ్యా, ట్యాంకు రోడ్డు పట్టండి.