పంటిలో పురుగు లేదు

అక్కా,

నువ్వు పోయిన ఏడేళ్లకు నా దవడ పన్నూ పాడయింది. నల్లగొండ దవాఖానలో డాక్టరమ్మ దాన్ని పీకి, పగలగొట్టి చూపించింది. లోపల మెత్తని ఎర్రటి కండ దారంలా వేరు చివరిదాకా దిగి ఉంది.

“పురుగేదమ్మా?” అన్నాను.

“పురుగుండదు. గిది నరం. గిది కుళ్లితేనే చీము పట్టి దవడ వాస్తది.”

మోత్కూరు అంగట్లో నీ పంటికి పొగపెట్టి, పురుగులు రాలాయని చూపినవాడు దవడ వాపు గొంతుకు దిగి నీ ఊపిరి ఆగేదాకా “తగ్గుతది” అంటూనే ఉన్నాడు. నిన్న అదే జాగాలో, వాడి ముందు ఒక పిల్ల నోరు తెరిచి కూర్చుంది. వాడి చేతిగుడ్డ లాక్కుని దులిపాను. దాచిన పురుగులు నేలమీద పడ్డాయి.

“మా అక్క పంటివని చూపినవి గివే గదా” అన్నాను.

పిల్ల తల్లి లేచింది. “దవాఖాన యాడుంది, చెల్లె?”

ముగ్గురం నల్లగొండ బస్సెక్కాం. ఆ రోజు నిన్నూ ఎక్కించి ఉండాల్సింది.