రెండో బ్యాండు

బెంగళూరు, 20 ఏప్రిల్ 1993

జమ్మలమడుగులో ఉన్న యేసురత్నం మామకు మేనల్లుడు జయరాజు ప్రభువు నామంలో వందనాలు.

జియావుల్లా నాయకుడిగా ఉన్న మా రాక్ బ్యాండులో నా గిటారు బాగానే మోగుతోంది. ఆ గోల నీకు తెలిసిందే, ఒకసారి విని రెండు రోజులు చెవుల్లో దూది తీయలేదు. విశేషమేమంటే, నేనూ మా డ్రమ్ములాయనా కలిసి ఆదివారాలకని ఇంకో చిన్న బ్యాండు పెట్టుకున్నాం. రాక్ అండ్ రోల్ పుట్టిన కొత్తలో కుర్రకారు ఎగిరిన పాటలు వాయిస్తాం. ఒక్కో పాట రెండు నిమిషాలే. ముసలివాళ్ల కాళ్లు కూడా ఆగవు.

ఇట్లు, జయరాజు

తా.క.: జియాకు ఈ సంగతి ఇంకా చెప్పలేదు.

జమ్మలమడుగు, 26 ఏప్రిల్

అల్లుడు జయరాజును దీవించి యేసురత్నం రాయడమేమంటే,

నీ తా.క. చదివాక సంగటి ముద్ద గొంతు దిగలేదు. నాయకుడికి చెప్పకుండా ఇంకో జట్టు కడతావా? నువ్వు ఏ జిల్లాలో పుట్టావు? ఎన్నికలప్పుడు అవతలి పార్టీ నాయకుడి అరుగు మీద కాఫీ తాగినందుకు మా పక్కింటాయన మూడు నెలలు గండి కొండల్లో తలదాచుకున్నాడు. తాగింది సగం కప్పే. వెంటనే పోయి జియావుల్లాకు చెప్పేయ్. మీ అత్త జ్ఞానమ్మ కూడా, "వాకిలికి ఈపు పెట్టి కూచోవద్దని రాయి మామా" అంటోంది.

నీ మేలు కోరే, యేసురత్నం

తా.క.: ఉత్తరం చదివి చింపేయ్. దాంతో పంపిన నిమ్మకాయ ఊరగాయ మాత్రం ఉంచుకో.

బెంగళూరు, 2 మే

మామకు వందనాలు.

ఇక్కడ ఒకాయన నాలుగు బ్యాండ్లలో వాయిస్తూ నిక్షేపంగా ఉన్నాడు. అయినా నీ మాట కాదనలేక జియాకు చెప్పేశాను. నవ్వాడు. "మంచిది, వాయించుకో" అన్నాడు. అంతే.

ఇట్లు, జయరాజు

తా.క.: పదహారో తేదీ ఆదివారం మేం ఎక్కడ వాయిస్తాం, ఎన్నింటికి ముగిస్తాం, వెనక తలుపు ఎటువైపు అని కూడా అడిగి రాసుకున్నాడు.

జమ్మలమడుగు, 7 మే

అల్లుడికి దీవెనలు.

నవ్వాడా! తిట్టి ఉంటే నేను హాయిగా ఉండేవాణ్ని. మన వైపు నాయకుడు నవ్వితే జనం ఊళ్లు ఖాళీ చేస్తారు. పైగా వెనక తలుపు అడిగాడు! బడిలో నా దగ్గర చదివి, ఇప్పుడు పులివెందులలో జీపులు నడుపుతున్న ఇద్దర్ని నీ దగ్గరికి పంపుతున్నాను. ఎర్రగుంట్లలో నేనే రైలెక్కిస్తాను. "సార్, మీ అల్లుని మింద ఈగ వాలనీము" అని మాటిచ్చారు. నీకేమైనా అయితే మీ అమ్మకు నేనేం ముఖం చూపించాలి?

యేసురత్నం

తా.క.: ఇద్దరూ సౌమ్యులే. మీసాలు చూసి బెదరవద్దు.

బెంగళూరు, 18 మే

మామకు వెయ్యి వందనాలు.

నీ సౌమ్యుల్లో ఒకాయన ముందు వరసలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఆయన్ను చూసి జనం చప్పట్లు ఆపడానికి భయపడ్డారు. రెండో ఆయన వెనక తలుపు కాశాడు. సాయంత్రం ఆరింటికి జియా, దుప్పటిలో చుట్టిన పొడుగాటి వస్తువుతో ఆ తలుపులోంచే వచ్చాడు. నీ శిష్యుడు ఒంటి చేత్తో అతన్ని గోడకు ఆనించి, "ఏందప్పా అది? విప్పు" అన్నాడు.

విప్పితే సాక్సోఫోను! వాళ్ల నాన్న ఒకప్పుడు క్లబ్బులో ఈ పాటలకే వాయించిందట. "రాక్ పాటలు అరిచి అరిచి గొంతు పోయింది. నన్నూ మీ బ్యాండులో చేర్చుకోండి. నాయకుణ్ని కదా, నోరు తెరిచి అడగడానికి సిగ్గేసింది" అన్నాడు. చేర్చుకున్నాం మామా. ఇక నిశ్చింతగా అన్నం తిను.

జయరాజు

తా.క.: నీ శిష్యులు ఇంకో ఆదివారం ఉండి పోతారట. "ఈడ శానా బాగుండాది సామీ" అంటున్నారు.

జమ్మలమడుగు, 24 మే

అల్లుడికి దీవెనలు. దేవుడికి స్తోత్రం.

నీ ఉత్తరం చదివి మీ అత్త ముందే ఏడ్చేశాను. సంగటి రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను. ఇప్పుడు నా సంగతి విను. ఇరవై ఏళ్లుగా చర్చిలో హార్మోనియం వాయిస్తున్న నేను, మూడేళ్లుగా ప్రొద్దుటూరులో కమాల్ బాషా పెళ్లి బ్యాండులో సినిమా పాటలు కూడా వాయిస్తున్నాను. జరీ కోటు, కుచ్చు టోపీ వేసుకుని! ఇంట్లో కంటి డాక్టరు దగ్గరికని చెప్పి పోయేవాణ్ని. నీ మొదటి ఉత్తరానికి నేను వణికింది సగం నీ కోసం, సగం నా కోసం. నీ కథ సుఖంగా ముగిశాక ధైర్యం వచ్చి మా పాస్టరు దేవరాజుగారికి అంతా చెప్పేశాను.

ఆయన నవ్వారు.

మీ మామ, యేసురత్నం

తా.క.: శనివారం ఊరేగింపు ఎక్కడ, ఎన్నింటికి అని కూడా అడిగి రాసుకున్నారు. ఈసారి నేను భయపడలేదు. ఆయన తల కొలత తీసుకుని, ఇంకో టోపీ కుట్టించమని కమాల్ బాషాకు కబురు పెట్టాను.