బురద పూసిన పడవ

మంగళవారం, రాత్రి

నాన్న పెద్దపేగులో ఉన్న క్యాన్సర్ గడ్డ గురించి ఈ రోజు డాక్టరుగారు చెప్పారు. ప్రతి కణం పైనా ఒక గుర్తు ఉంటుందట. ఒంట్లోని కాపలా కణాలు దాన్ని చూసే చెడ్డవాటిని పట్టుకుంటాయట. ఈ గడ్డ ఆ గుర్తునే చెరిపేసుకుంది. కాపలా కణాలను దాని మీదికి ఉసిగొల్పే మందు పనిచేస్తుందో లేదో చెప్పలేమన్నారు.

"మా నీళ్లలోకి దొంగతనంగా చేపల వేటకొచ్చేవాళ్లు పడవ నంబరుకు బురద పూస్తారు. అట్నా సార్?" అన్నాడు నాన్న.

"అలాగే. కానీ ఇది మీ రేవు పడవే" అన్నారాయన.

సాయంత్రం బస్సుకి మా ఊరు చేరాం.

పొద్దు కుంకాక నాన్న ఇసుకలో కూర్చొని సముద్రం వైపు వేలు చూపించాడు. "లైటు ఆర్పుకొని ఒకటి పోతా ఉండాది, చూడు పాపా."

ఎంతసేపు చూసినా నల్లటి నీళ్లే. "ఏమీ లేదు నాన్నా" అన్నాను.

"అదే గదమ్మా" అంటూ పొట్ట మీద చెయ్యి వేసుకున్నాడు.